మాట తేడాకి మనిషిని మళ్లీ ముంచకండి: పాస్టర్లకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టర్లకు, సంఘ పెద్దలకు, బైబిల్ బోధకులకు వందనాలు.

"తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో" అని బాప్తిస్మం ఇచ్చేవాళ్లకూ, "యేసుక్రీస్తు నామంలో" అని ఇచ్చేవాళ్లకూ కలిపే ఈ లేఖ రాస్తున్నాను. ఒక పక్షానికే రాస్తే రెండో పక్షం చప్పట్లు కొట్టి ఊరుకుంటుంది. నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను పాస్టర్ని కాను, బైబిల్ కాలేజీలో చదవలేదు. సంఘంలో సభ్యత్వ రిజిస్టరు రాసే మనిషిని. మా సంఘంలో మత్తయి 28:19 ప్రకారం, అంటే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఇస్తారు. నేనూ అలాగే తీసుకున్నాను, అదే సరైనదని నమ్ముతాను కూడా. అయినా ఇప్పుడు అడగబోయేది మావాళ్లకే ముందు రుచించదు.

క్రీస్తును నమ్మి, నీళ్లలో దిగి ఒకసారి బాప్తిస్మం పొందిన మనిషిని, ఆ రోజు పలికిన మాటలు మీ మాటలు కావన్న ఒక్క కారణంతో మళ్లీ నీళ్లలోకి దింపకండి. "నీ పాతది చెల్లదు" అనకండి. నేను అడిగేది ఇంతే. చిలకరింపా ముంచడమా, పసిపిల్లలకా పెద్దవాళ్లకా అన్నది వేరే తగాదా. దాన్ని ఇందులోకి లాగను.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పెళ్లి కుదిరింది, కార్డులు అచ్చయ్యాయి. తను చదువుకునే రోజుల్లో మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకుంది. రిజిస్టర్లో పేరు రాసింది నేనే. అబ్బాయి వాళ్లది యేసు నామం సంఘం. అక్కడి పెద్దలు సర్టిఫికెట్ చూసి ఒకటే ప్రశ్న వేశారు, "ఏ నామంలో ఇచ్చారమ్మా?" అని. చెప్పింది. "అయితే అది ఉత్త స్నానం కిందే లెక్క" అన్నారు. పెళ్లికి కొద్ది రోజుల ముందు, రెండు కుటుంబాలవాళ్లు చుట్టూ నిలబడి చూస్తుండగా తొట్టిలో దింపి మళ్లీ ముంచారు. పైకి లేవగానే అందరూ స్తోత్రం అన్నారు. ఆ అమ్మాయి తలకు తువ్వాలు చుట్టుకుని నా దగ్గరకొచ్చి, "అంకుల్, మరి ఇన్నేళ్లూ నేను తీసుకున్న ప్రభు బల్ల ఏమైనట్టు?" అని అడిగింది. బాప్తిస్మం పొందినవాళ్లే ఆ బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు మరి. పెళ్లికూతురికి ఉండాల్సిన టెన్షన్లు చాలవన్నట్టు ఇదొకటి.

అవతలివాళ్ల మీద వేలు చూపించి నేను తప్పుకోలేను. ఒక పెద్దాయన యేసు నామంలో బాప్తిస్మం పొంది జీవితమంతా భక్తిగా నడిచినవాడు. కూతురి దగ్గర ఉండటానికి వచ్చి మా సంఘంలో చేరతానన్నాడు. మా పెద్దలు, ముందు మత్తయి ప్రకారం మళ్లీ తీసుకోవాలన్నారు. "ఒకసారి ఆయనతో చచ్చి లేచాను బాబూ, మళ్లీ ఎలా చస్తాను?" అన్నాడు. బాప్తిస్మం అంటే క్రీస్తుతో చచ్చి లేవడమని చెప్పే రోమా ఆరో అధ్యాయాన్ని అంత క్లుప్తంగా చెప్పిన ప్రసంగం నేను వినలేదు. ఆయన మళ్లీ తీసుకోలేదు, సభ్యుడూ కాలేదు. వెనక బెంచీలో కూర్చుంటాడు. బల్ల పళ్లెం వచ్చినప్పుడు తాను తీసుకోకుండా పక్కవాళ్లకి అందిస్తాడు.

రెండు చోట్లా నిర్ణయం పెద్దలది, ఫలితం అనుభవించింది మాత్రం వేరేవాళ్లు. తన మీద ఏ మాటలు పలకాలో ఆ అమ్మాయి ఎంచుకోలేదు. ఆ పెద్దాయనా ఎంచుకోలేదు. వాళ్లు ఎంచుకున్నది క్రీస్తును. అసలు నీళ్లలో నిలబడ్డవాడి గుండె దడదడలాడుతుంటే సగం మాటలు చెవికెక్కవు కూడా.

ఇక వచనాల దగ్గరికి వద్దాం. యేసు నామం వాళ్ల వాదనను మావాళ్లు చాలామంది పూర్తిగా వినకుండానే కొట్టిపారేస్తారు. పెంతెకొస్తు దినాన పేతురు "యేసు క్రీస్తు నామమున బాప్తిస్మము పొందుడి" అన్నాడు (అపొ. కార్యములు 2:38). సమరయలో, కొర్నేలి ఇంట్లో, ఎఫెసులో కూడా వినపడేది యేసు నామమే. మత్తయి చివర్లోని మాటలు కార్యముల గ్రంథంలో ఒక్క బాప్తిస్మం దగ్గర కూడా కనపడవు. ప్రభువు నోటి నుంచి ఆ ఆజ్ఞ స్వయంగా విన్న పదకొండు మందిలో పేతురు ఒకడు. దాన్ని ఎలా పాటించాలో అతనికంటే మనకు ఎక్కువ తెలుసా అని వాళ్లడుగుతారు. తండ్రి, కుమారుడు అనేవి బిరుదులే, ఆ నామం యేసు అంటారు. ఒక్క ఊపుతో కొట్టేసే వాదన కాదిది.

మావాళ్ల వాదనకూ బలం ఉంది. మత్తయిలో ఉన్నది సాక్షాత్తు ప్రభువు ఆజ్ఞ. కార్యముల గ్రంథం రాసిన లూకా చూస్తే రెండు చోట్ల "యేసుక్రీస్తు" అని (2:38, 10:48), రెండు చోట్ల "ప్రభువైన యేసు" అని (8:16, 19:5) రాశాడు. అక్షరం పొల్లుపోకూడని మాటలే అయితే అలా మార్చి మార్చి రాసేవాడా? ఎఫెసులో శిష్యులు పరిశుద్ధాత్ముడు ఉన్నాడన్న సంగతే వినలేదన్నప్పుడు, పౌలు వెంటనే మరి మీరు దేనిలోకి బాప్తిస్మం పొందారని అడిగాడు. క్రైస్తవ బాప్తిస్మం పొందినవాడికి ఆత్మ పేరు తెలిసే ఉంటుందన్న ధీమా ఆ ప్రశ్నలో ఉంది.

ఫోన్లలో తిరిగే ఒక వాదనను మాత్రం దయచేసి వదిలేయండి: మత్తయి 28:19ని తర్వాతి కాలంలో ఎవరో చేర్చారన్నది. చరిత్రకారుడు యూసేబియస్ కొన్ని చోట్ల ఆ వచనాన్ని "నా నామంలో" అన్నట్టు పొట్టిగా ఉదహరించాడు. దాన్ని పట్టుకుని 1901లో కోనిబేర్ అనే పండితుడు ఆ వాదన లేవదీశాడు. కానీ ఆ వచనం ఉన్న గ్రీకు ప్రతులు అన్నింటిలోనూ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. యూసేబియస్ కూడా వేరే చోట్ల పూర్తి వాక్యమే రాశాడు.

రెండు పక్షాలూ గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. బాప్తిస్మం ఇచ్చేవాడు నీళ్లలో నిలబడి ఏం పలికాడో కొత్త నిబంధన ఒక్క చోట కూడా వినిపించదు. ఐతియొపీయుడైన నపుంసకుడు, ఇదిగో నీళ్లు, నాకు ఆటంకమేమిటి అన్నాడు. ఫిలిప్పు, అతడు ఇద్దరూ నీళ్లలోకి దిగారు. ఏం పలికాడో లూకా రాయలేదు. లూదియ దగ్గరా రాయలేదు, అర్ధరాత్రి ఇంటివాళ్లందరితో బాప్తిస్మం పొందిన ఫిలిప్పీ చెరసాల నాయకుడి దగ్గరా రాయలేదు. కొరింథువాళ్లకు రాస్తూ పౌలైతే, క్రిస్పుకు, గాయియుకు, స్తెఫను ఇంటివాళ్లకు ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు అనేశాడు. ఆయన దగ్గర రిజిస్టరు లేదన్నమాట! నా నామంలో పొందారని ఎవరూ చెప్పుకోకూడదన్నదే అక్కడ ఆయన బాధ.

తొలి తరాలవాళ్లకు ఈ రెండు మాటలూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకునేవిగా అనిపించలేదు. దిదాకే అనే ప్రాచీన సంఘ క్రమం ఉంది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని ప్రతి దొరికింది. ఏడో అధ్యాయంలో తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో పారే నీళ్లలో ఇవ్వండి అంటుంది. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లు, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లు, ఆ రెండూ లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి అంటుంది. రెండు అధ్యాయాలు దాటగానే, ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవాళ్లు తప్ప ఎవరూ బల్లలో పాలుపొందకూడదంటుంది. రెండు మాటలూ ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి, రాసినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు.

నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్ పరిశుద్ధాత్మ గురించి రాస్తూ ఈ ప్రశ్నకే జవాబిచ్చాడు. పౌలు బాప్తిస్మం మాట వచ్చిన చోట క్రీస్తు పేరు ఒక్కటే చెప్పాడని తికమకపడొద్దు, క్రీస్తు అంటే అభిషిక్తుడు కాబట్టి అభిషేకించిన తండ్రి, అభిషేకమైన ఆత్మ కూడా ఆ పేరులోనే ఉన్నారు అన్నాడు. అలాగని ఆయన మూడు పేర్లు పలికే పద్ధతిని సడలించమనలేదు, గట్టిగా పట్టుకోమనే చెప్పాడు. నాకు నచ్చింది ఆ రెండోదీ, ఆ మొదటిదీ ఒకే మనిషి నోట రావడం.

మరి పాత సంఘం ఎప్పుడూ మళ్లీ ఇవ్వలేదా అంటారు. ఇచ్చింది. 256లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్‌తో కలిపి 87 మంది బిషప్పులు, సంఘం నుంచి వేరైన గుంపుల్లో ఇచ్చిన ఏ బాప్తిస్మమూ చెల్లదని తీర్మానించారు. రోమ్ బిషప్ స్టీఫెన్ ఒప్పుకోలేదు. తిరిగి వచ్చినవాడి మీద చేతులుంచితే చాలన్నాడు. 314లో ఆర్ల్‌లో జరిగిన బిషప్పుల సభ స్టీఫెన్ వైపే మొగ్గింది. వచ్చినవాణ్ణి విశ్వాసం గురించి అడగండి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలోకి పొందాడని తేలితే చేతులుంచి చేర్చుకోండి, త్రిత్వం (తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒక్క దేవుడన్న బోధ) సంగతి చెప్పలేకపోతే ఇవ్వండి అంది. ఈ చివరి ముక్క మావాళ్లకు బలమని నాకు తెలుసు. అయితే 325లో నైసియా సభ సమోసటకు చెందిన పౌలు (అపొస్తలుడు కాదు, దుర్బోధకుడని తేల్చిన ఒక బిషప్) శిష్యులకు మళ్లీ ఇవ్వాలని చెప్పింది కదా, వాళ్లు సరైన పేర్లే పలికేవాళ్లని ఆ కాలపు బిషప్ అథనాసియుస్ రాశాడు. మాటలు సరిగ్గా ఉండీ వాళ్లది చెల్లలేదు. అంటే ఆ సభలో కొలిచింది ఉచ్చారణను కాదు.

పోప్ జకరియా సంగతి ఇంకా బాగుంటుంది. బవేరియాలో లాటిన్ సరిగ్గా రాని ఒక ప్రీస్టు "పాత్రియా, ఫీలియా" అని వ్యాకరణం చెడగొట్టి బాప్తిస్మం ఇచ్చేశాడు. అతను పలికింది తండ్రీ కాదు, కుమారుడూ కాదు. మిషనరీ బోనిఫేస్ చాలా నిష్ఠాపరుడు, వాళ్లందరికీ మళ్లీ ఇవ్వాలన్నాడు. 746లో పోప్ జవాబు రాశాడు: ఆ మనిషి దుర్బోధతో పలకలేదు, భాష రాక పలికాడు, మళ్లీ ఇవ్వడానికి వీల్లేదు అని. 866లో బల్గేరియా వాళ్లు పోప్ నికొలాస్‌ను ఇంచుమించు మన ప్రశ్నే అడిగారు. ఎవరో వచ్చి చాలామందికి బాప్తిస్మం ఇచ్చి పోయాడు, ఏం చేయమంటారు అని. త్రిత్వ నామంలో గానీ, కార్యములలో ఉన్నట్టు క్రీస్తు నామంలో గానీ పొంది ఉంటే మళ్లీ ఇవ్వొద్దని ఆయన రాశాడు. మాట మాట్లాడితే "చరిత్ర మా పక్షం" అనే మా పెద్దలు ఈ ఉత్తరం సంగతి ఎత్తరెందుకో.

ఇప్పుడు అసలు గొడవ ఎక్కడ మొదలైందో చూడండి. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర అరోయో సెకో పెంతెకొస్తు క్యాంపు కూటాల్లో మెకాలిస్టర్ అనే ప్రసంగీకుడు, అపొస్తలులు యేసు నామంలోనే ఇచ్చారని వేదిక మీద అన్నాడు. తర్వాతి ఏడాది ఏప్రిల్ 15న ఫ్రాంక్ యూవార్ట్, గ్లెన్ కుక్ అనే ప్రసంగీకులు ఒకరికొకరు యేసు నామంలో మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. అప్పటికే బాప్తిస్మం ఉన్నవాళ్లు గుంపులుగా మళ్లీ నీళ్లలో దిగారు. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల సంస్థ మొదటి చైర్మన్ బెల్ కూడా 1915లో దిగాడు, తర్వాత త్రిత్వం వైపే నిలిచి మళ్లీ చైర్మన్ అయ్యాడు. 1916లో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఆ సంస్థ సభ త్రిత్వాన్ని విశ్వాస ప్రకటనలో స్పష్టంగా రాసేసరికి 156 మంది సేవకులు బయటికి వెళ్లిపోయారు. నీళ్ల దగ్గర ఏం పలకాలన్న చర్చగా మొదలైంది మూడేళ్లలో దేవుడు ఒక్కడా, ముగ్గురుగా ఉన్న ఒక్కడా అన్న దగ్గర తేలింది.

అందుకే మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. మీ తగాదా త్రిత్వం గురించి అయితే త్రిత్వం గురించే వాదించుకోండి. బైబిళ్లు ముందు పెట్టుకుని, వారాల తరబడి కూర్చోండి, అవసరమైతే విడిపోండి. అంత పెద్ద ప్రశ్న తేల్చుకోవడానికి ఒక పెళ్లికూతుర్ని తొట్టిలోకి దింపడం ఏం న్యాయం? ఆమెను ఎవరూ దేవుని స్వరూపం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏ మాటలు పలికారని మాత్రమే అడిగారు.

"ఎఫెసులో పౌలు మళ్లీ ఇచ్చాడు కదా" అని రెండు పక్షాలూ అంటాయి. ఇచ్చాడు, నిజమే. కానీ ఆ పన్నెండు మంది అంతకుముందు పొందింది యోహాను బాప్తిస్మం, రాబోయేవాణ్ణి నమ్మమని ఇచ్చింది. క్రీస్తు పేరుతో వేరే మాటల్లో పొందినవాళ్లు కాదు వాళ్లు. అదే కార్యముల గ్రంథంలో 18వ అధ్యాయం చివర అపొల్లో ఉన్నాడు, అతనికీ యోహాను బాప్తిస్మమే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అతన్ని ఇంటికి పిలిచి దేవుని మార్గం మరింత బాగా వివరించారు. మళ్లీ ముంచినట్టు లూకా రాయలేదు. పంతొమ్మిదో అధ్యాయం చదివేవాళ్లు దానికి ముందు పేజీ కూడా చదవాలి.

నేను మాటలు ఎలా ఉన్నా ఫర్వాలేదంటున్నాననుకోకండి. మాటల్లో నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో కథోలికులు ఈ మధ్యే చూశారు. "నేను నీకు జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని వాళ్లు అలా అంటారు) ఇస్తున్నాను" అనాల్సిన చోట "మేము" అంటే చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ చెప్పింది. డెట్రాయిట్‌లో ఒక యువ ప్రీస్టు ఇంట్లో ఉన్న తన చిన్ననాటి వీడియో తీసి చూస్తే, దాన్లో జ్ఞానస్నానం ఇచ్చిన డీకన్ (ప్రీస్టు కింది హోదా సేవకుడు) "మేము" అన్నాడు. అంతే. అప్పటికి మూడేళ్లుగా ప్రీస్టుగా ఉన్న మనిషి జ్ఞానస్నానం దగ్గర్నుంచి ప్రీస్టు అభిషేకం దాకా అన్నీ మొదటి నుంచి పొందాల్సి వచ్చింది. ఆయన చేసిన బలిపూజలు చెల్లలేదు. ఆయన ఇచ్చిన జ్ఞానస్నానాలు మాత్రం చెల్లాయి, ఎందుకంటే వాళ్ల బోధ ప్రకారం అవసరమైతే ఎవరైనా ఇవ్వొచ్చు! ఫీనిక్స్‌లో ఇంకొక ప్రీస్టు ఏళ్ల తరబడి "మేము" అంటూ ఇచ్చినవన్నీ చెల్లవని తేలి, 2022లో తన పారిష్ బాధ్యత నుంచి తప్పుకున్నాడు.

ఇచ్చేది మనిషి కాదు, మనిషి ద్వారా క్రీస్తే ఇస్తాడన్నది వాటికన్ చూపిన కారణం. ఆ మాట వెనక అగస్టీన్ ఉన్నాడు. పేతురు ఇచ్చినా, యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అని ఆయన బోధించాడు. నాకు అదే మాట వేరే దారి చూపిస్తుంది. నిజంగా క్రీస్తే ఇస్తే, మధ్యలో ఉన్న మనిషి నోరు తడబడినంత మాత్రాన ఆయన ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడా? ఆ తీర్పు కఠినమనే నా అభిప్రాయం. ఒక్కటి మాత్రం మెచ్చుకుంటాను: తప్పు ప్రీస్టుదే, విశ్వాసులది కాదని వాళ్లు బహిరంగంగా ఒప్పుకున్నారు. మన దగ్గర ఆ పాటి కూడా లేదు. తప్పంతా నీళ్లలో దిగినవాడిదే అన్నట్టు మాట్లాడతాం.

కాబట్టి పాస్టర్లూ, మీ సంఘం ఏ మాటలు నేర్పిందో అవే స్పష్టంగా, నిదానంగా పలకండి. మైకు ముందు కొత్తగా ఏదో అందంగా అనాలన్న ఆరాటం అక్కడ వద్దు. పక్కన నిలబడ్డ పెద్ద ఒకరు వినాలి. రిజిస్టర్లో పేరు, తేదీ, ఇచ్చినవాళ్ల పేరు, సాక్షుల సంతకాలు ఉంటాయి, పలికిన మాటలకు కాలమ్ ఉండదు. మా రిజిస్టర్లో నేను ఒక గీత గీసి ఆ కాలమ్ చేర్చాను. ఎవరినీ ఆపడానికి కాదు, రేపు ఇంకో సంఘంలో వాళ్లను నిలదీస్తే జవాబు కాగితం మీద ఉంటుందని.

వేరే సంఘం నుంచి వచ్చినవాళ్లను మాటల గురించి కాక విశ్వాసం గురించి అడగండి. సాక్ష్యం వినండి. బోధలో తేడా ఉంటే అపొల్లోకి చెప్పినట్టు కూర్చోబెట్టి చెప్పండి. చేతులుంచి ప్రార్థించి చేర్చుకోండి. అసలు బాప్తిస్మం జరిగిందో లేదో ఎవరికీ తెలియని కేసుల్లో, "నీవు ఇదివరకు పొంది ఉండకపోతే" అన్న మాట ముందు చేర్చి ఇచ్చే పద్ధతి కొన్ని సంఘాల్లో ఎప్పటి నుంచో ఉంది. అందులో కనీసం వినయం ఉంది.

తనంతట తానే వచ్చి మళ్లీ కావాలని ఏడ్చేవాళ్లు ఉంటారు, నాకూ తెలుసు. ముంచే ముందు, ఆ భయం ఎవరు పెట్టారో అడిగి తెలుసుకోండి. చాలాసార్లు అది పోయిన నెల కూటాల్లో మనలో ఎవరో చేసిన ప్రసంగమే అయి ఉంటుంది.

ఈ ఒక్క కారణంతో ప్రభు బల్లకు దూరంగా పెట్టినవాళ్లు ఎవరో ప్రతి సంఘ పెద్దకూ పేర్లతో సహా తెలుసు. వచ్చే బల్ల ఆదివారానికి ముందే వాళ్ల ఇంటికి వెళ్లి, రమ్మని పిలవండి. కుదరదంటారా, ఏ వచనం ప్రకారం కుదరదో కాగితం మీద రాసి, సంతకం పెట్టి వాళ్ల చేతికివ్వండి.

ఇట్లు,
సభ్యత్వ రిజిస్టరు రాసే ఒక విశ్వాసి